ఎంఆర్ఐలో మెదడు కుంచించుకుపోయిందంటే బీపీ మాత్ర ఎందుకు మార్చారు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. కళ్లు తిరుగుతున్నాయని, ఈ మధ్య మతిమరుపు పెరిగిందని ఎంఆర్ఐ తీయించాం. వయసుకు మించి మెదడు కుంచించుకుపోయిందని, చిన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులు ఉన్నాయని, ఫాజెకాస్ గ్రేడ్ 2 అని రిపోర్టులో రాశారు. నరాల డాక్టరు మెదడుకు మందేమీ రాయకుండా బీపీ మాత్ర మార్చి, గుండె పరీక్షలు చేయించమన్నారు. గుండెకూ మెదడుకూ ఏమిటి సంబంధం? కుంచించుకుపోయిన మెదడు మళ్లీ మామూలు అవుతుందా? నాకు 41 ఏళ్లు. బీపీ 146/94 దాకా ఉంటోంది, మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు.

సమాధానం:

మీ డాక్టరుగారు చేసింది సరైన పని. మెదడుకు మందు రాయలేదని మీరు బెంగ పడుతున్నారు. కానీ ఈ దశలో మెదడుకు రాయగలిగిన అతి ముఖ్యమైన మందు ఆ బీపీ మాత్రే. నరాల వైద్యుడిగా ఇలాంటి రిపోర్టులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ‘కుంచించుకుపోయింది’ అన్న మాట దగ్గరే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. దాని పక్కనున్న ‘చిన్న రక్తనాళాలు’ అన్న వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. మనం చేయగలిగిన పనంతా ఆ రెండో వాక్యంలోనే ఉంది.

ముందు ఆ ఫిల్ములో ఏముందో చెబుతాను. మెదడు చుట్టూ, లోపలి గదుల్లో నీరు ఉంటుంది. మెదడు పదార్థం తగ్గినకొద్దీ ఆ ఖాళీని నీరే నింపుతుంది. అందుకే మడతల మధ్య గాడులు వెడల్పవుతాయి, లోపలి గదులు పెద్దవవుతాయి. నడివయసు దాటాక ఇది అందరిలోనూ కొంత జరిగేదే. అరవైల్లో ఏడాదికి సుమారు అర శాతం తగ్గుదల కనిపించడం మామూలు. మీ నాన్నగారి రిపోర్టులో ‘వయసుకు మించి’ అని రాశారు కాబట్టి కారణం వెతకాలి. ఆ కారణం ఏమిటో ఫాజెకాస్ గ్రేడ్ చాలావరకు చెబుతోంది. మెదడు లోతట్టున నరతంతువులు ఉండే తెల్ల పదార్థంలో, ఎంఆర్ఐలోని ఒక రకం చిత్రంలో మచ్చలు కనిపిస్తాయి. చుక్కలుగా విడివిడిగా ఉంటే గ్రేడ్ 1, అవి ఒకదానితో ఒకటి కలవడం మొదలైతే 2, పెద్ద పెద్ద పొడలుగా కలిసిపోతే 3. ఆ మచ్చలున్న చోట చిన్న రక్తనాళాలు గట్టిపడి, చుట్టూ ఉన్న తంతువులకు ఏళ్ల తరబడి రక్తం చాలలేదని అర్థం.

ఇక గుండె సంగతి. మెదడు బరువు 1300 నుంచి 1400 గ్రాములు, అంటే శరీర బరువులో రెండు శాతం. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తం పంపితే, అందులో ముప్పావు లీటరు దాకా మెదడుకే పోతుంది. ప్రాణవాయువులో అయిదో వంతు దానికే కావాలి. ఇంత తీసుకునే మెదడు తన దగ్గర నిల్వంటూ దాదాపు ఏమీ ఉంచుకోదు. కండరానికి కాసేపు రక్తం తగ్గితే తట్టుకుంటుంది. మెదడు కణం నిమిషాల్లోనే దెబ్బతింటుంది. కాబట్టి గుండె పంపే తీరు, దారిలోని ధమనుల స్థితి రెండూ నేరుగా మెదడు మీదే రాసి ఉంటాయి.

మన ప్రాంతంలో అందరికీ తెలిసిన కాలువల లెక్కలో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద కాలువ నుంచి నీరు ముందు మేజర్లకు, అక్కడి నుంచి మైనర్లకు, చివరికి పొలానికి వెళితే ఒక్కో మలుపులో ఒత్తిడి తగ్గుతూ వస్తుంది. అలా కాకుండా ప్రధాన కాలువ గట్టుకే నేరుగా చిన్న తూము పెడితే, కాలువలోని ఉధృతి అంతా ఆ తూము మీదే పడుతుంది. మెదడు లోతట్టుకు వెళ్లే సన్నని ధమనులు చాలావరకు ఆ తూముల్లాంటివే. పెద్ద ధమని నుంచి మధ్యలో మెట్లేమీ లేకుండా నేరుగా చీలుతాయి. బీపీ 160 ఉంటే ఆ దెబ్బలో ఎక్కువ భాగం వాటి గోడలే తినాలి. గోడలు దళసరి అవుతాయి, లోపలి దారి ఇరుకవుతుంది. ఆ దారి చివర ఉన్న తెల్ల పదార్థం చివరి ఆయకట్టు లాంటిది, దానికి వేరే కాలువ లేదు. పైన ఉధృతి ఎక్కువైనా ముందు దెబ్బతినేది అదే, గుండె నీరసించి ప్రవాహం తగ్గినా ముందు ఎండేది అదే.

అక్కడ తంతువులు తెగితే నష్టం అక్కడితో ఆగదు. ఆ తంతువు ఏ కణానిదో, మెదడు పైపొరలో ఉన్న ఆ కణం కూడా క్రమంగా చిక్కిపోతుంది. లోతట్టున మచ్చలు, పైన వెడల్పైన గాడులు ఒకే ఫిల్ములో జంటగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఒట్టో బిన్స్‌వాంగర్ 1894లోనే ఈ తెల్ల పదార్థపు జబ్బును వర్ణించారు. అల్జీమర్ తన తొలి రోగి గురించి చెప్పింది 1906లో. అయినా మతిమరుపు అనగానే అందరికీ రెండో పేరే గుర్తొస్తుంది, మొదటిది మరుగున పడిపోయింది. మనం అడ్డుకోగలిగింది ఎక్కువగా మొదటిదాన్నే.

ఇది ఊహాగానం కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి తరతరాలుగా జనం గుండె ఆరోగ్యాన్ని గమనిస్తున్నారు. ఆ కుటుంబాల్లోని 1,504 మంది గుండె పంపే రక్తాన్ని, మెదడు పరిమాణాన్ని పోల్చి 2010లో ఒక అధ్యయనం వచ్చింది. గుండె తక్కువ రక్తం పంపేవారి మెదడు, బాగా పంపేవారి మెదడు కంటే దాదాపు రెండేళ్లు ముసలిదిగా కనిపించింది. వారిలో గుండెజబ్బు ఉన్నవారు నూటికి ఏడుగురే. అంటే జబ్బు అని పేరు పెట్టకముందే మెదడుకు ఆ తేడా తెలుస్తోంది. మరుసటి ఏడాది అదే ఊరి నుంచి, సగటున 54 ఏళ్ల వయసున్న 1,352 మందిని పదేళ్లపాటు గమనించిన ఫలితాలు వచ్చాయి. బీపీ ఉన్నవారిలో తెల్ల మచ్చలు వేగంగా పెరిగాయి. షుగరు ఉన్నవారిలో జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ వేగంగా చిక్కిపోయింది. పొగతాగేవారిలో మొత్తం మెదడూ, హిప్పోక్యాంపస్ కూడా తగ్గాయి. ఒక్కో అలవాటు, ఒక్కో జబ్బు తనదైన చోట దెబ్బ కొడుతోందన్నమాట.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బ్రిటన్ అధ్యయనం. 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టినవారిని అక్కడ పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చారు. 36, 43, 53 ఏళ్లప్పుడు కొలిచిన వారి బీపీ లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. అందులో సుమారు 500 మందికి 70 ఏళ్ల ప్రాయంలో మెదడు స్కాన్ చేశారు. 36 నుంచి 43 ఏళ్ల మధ్య బీపీ ఎంత ఎక్కువగా పెరిగిందో, 70 వచ్చేసరికి మెదడు అంత చిన్నదిగా కనిపించింది. 43 నుంచి 53 మధ్య పెరిగినవారిలో తెల్ల మచ్చలు ఎక్కువ. అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీనుకూ బీపీకీ మాత్రం అందులో సంబంధం కనిపించలేదు. అంటే బీపీ అల్జీమర్స్ దారిలో కాకుండా తన సొంత దారిలోనే మెదడును తినేస్తోంది. మీ నాన్నగారి ఫిల్ములో ఇవాళ కనిపిస్తున్నది ఆయన నలభైల్లో, యాభైల్లో జరిగిన కథ. మీ వయసు 41 అని రాశారు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

గుండె పరీక్షలు ఎందుకన్నారంటే, వెతకాల్సినవి ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి, గుండె పంపే శక్తి తగ్గిందా అన్నది. అది టూడీ ఎకోలో, అంటే గుండెకు తీసే స్కాన్‌లో తెలుస్తుంది. రెండోది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం. ఇది ఉన్నప్పుడు గుండెలో చిన్న గడ్డలు ఏర్పడి మెదడుకు కొట్టుకుపోతాయి. పెద్ద గడ్డ వెళితే పక్షవాతం వస్తుంది, అందరికీ తెలుస్తుంది. చిన్న చిన్నవి వెళితే కాలూ చెయ్యీ పడిపోవు. మాట కాస్త నెమ్మదిస్తుంది, లెక్కలు తప్పుతాయి, ఇంట్లోవాళ్లు వయసు అనుకుంటారు. ఈ లయ తప్పడం వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి ఒక్క ఈసీజీలో దొరక్కపోవచ్చు. రోజంతా గుండె లయను నమోదు చేసే 24 గంటల హోల్టర్ పరీక్ష అడిగితే ఖర్చు గురించి వెనకాడకండి. అది బయటపడితే రక్తం గడ్డకట్టకుండా మందులు ఇస్తారు, పక్షవాతం ముప్పు చాలా తగ్గుతుంది.

ఇప్పుడు మీ ప్రధాన ప్రశ్న. పోయిన మెదడు కణాలు తిరిగి రావు. ఈ మాట మెత్తగా చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. అయితే రెండు విషయాలు గట్టిగా చెప్పగలను.

మొదటిది, వేగాన్ని తగ్గించవచ్చు. అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద పరీక్షలో 50 ఏళ్లు దాటిన 9,361 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు పై బీపీ 120 లోపు, మరో జట్టుకు 140 లోపు ఉండేలా మందులిచ్చారు. మెదడుకు సంబంధించిన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. 120 లోపు జట్టులో డిమెన్షియాకు, అంటే ముదిరిన మతిమరుపు జబ్బుకు, ముందు దశ అనదగ్గ తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువగా వచ్చింది. స్కాన్ తీయించుకున్నవారిలో నాలుగేళ్లలో తెల్ల మచ్చలు ఆ జట్టులో సగటున 0.92 ఘన సెంటీమీటర్లు, రెండో జట్టులో 1.45 పెరిగాయి. ఇదే పరీక్షలో వైద్యులనే తికమక పెట్టిన ఫలితం ఒకటి ఉంది. బీపీ బాగా తగ్గించిన జట్టులోనే మొత్తం మెదడు పరిమాణం కాస్త ఎక్కువ తగ్గింది, 26.9కి బదులు 30.6 ఘన సెంటీమీటర్లు. ఇది చదివి బీపీ మాత్ర మానేస్తే పెద్ద తప్పు చేసినట్టే. తేడా నాలుగు ఘన సెంటీమీటర్ల లోపే. ఆ జట్టువాళ్ల ఆలోచనాశక్తి దానివల్ల దెబ్బతినలేదు సరికదా, లోపం తక్కువమందిలోనే వచ్చింది. ఫిల్ములోని పరిమాణమే సర్వస్వం కాదని ఇంతకంటే బలంగా చెప్పే రుజువు నాకు తెలియదు. రిపోర్టు మీద మాటను పట్టుకుని ఆరు నెలలకోసారి స్కాన్ చేయించకండి. నాన్నగారు బ్యాంకు పని, మందుల లెక్క, సంభాషణ ఎలా నెట్టుకొస్తున్నారో చూడండి.

రెండోది, వ్యాయామం. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను ఏడాదిపాటు గమనించారు. వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున చురుగ్గా నడిచినవారి హిప్పోక్యాంపస్ రెండు శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవారిలో 1.4 శాతం తగ్గింది. రెండు శాతం చిన్న అంకెలా కనిపించవచ్చు, ఆ వయసులో అది ఒకటి రెండేళ్ల నష్టానికి సమానం. కళ్లు తిరుగుతున్నాయంటున్నారు కాబట్టి నాన్నగారిని ఒంటరిగా పంపకండి. మొదట ఇంటి ముందు వీధిలోనే, ఎవరో ఒకరు తోడుగా, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడిపించండి.

ఒకే రకం ఫిల్ము ఉన్న ఇద్దరిలో ఒకరు హాయిగా ఉంటే మరొకరు దారి తప్పడం చూస్తుంటాం. జీవితమంతా మెదడుకు పెట్టిన పని కొంత నిల్వగా ఉపయోగపడుతుంది. దీనికి మన హైదరాబాదులోనే గట్టి ఆధారం దొరికింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మనుషుల మెదడు సంపాదించుకున్న బలం అది. నాన్నగారిని టీవీ ముందు కూర్చోబెట్టి విశ్రాంతి తీసుకోమనకండి. చీటీల లెక్కో, మనవళ్లకు పాఠమో, గుడి కమిటీ పనో అప్పగించండి. వినికిడి తగ్గితే వినికిడి యంత్రం పెట్టించండి.

ఆయన విషయంలో ఇంకొన్ని. బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించారో లేదో చూడండి. శాకాహారులైనా, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నా బి12 తప్పనిసరిగా చూడాలి. మద్యం అలవాటు ఉంటే డాక్టరు దగ్గర దాచవద్దు, అది కూడా మెదడును కుదిస్తుంది. అడుగులు చిన్నవై, పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడుస్తూ, మూత్రం ఆపుకోలేకపోతుంటే వెంటనే చెప్పండి. చిన్న రక్తనాళాల జబ్బులోనూ అలా జరుగుతుంది, మెదడు గదుల్లో నీరు నిలిచినా అలాగే జరుగుతుంది. రెండోదానికి ఆపరేషన్ ఉంది.

కళ్లు తిరగడాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎక్కువ బీపీకి ఏళ్ల తరబడి అలవాటుపడ్డ మెదడు, ఒక్కసారిగా తగ్గిస్తే తట్టుకోలేదు. పడుకోబెట్టి అయిదు నిమిషాల తర్వాత బీపీ చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. నిలబడ్డప్పుడు పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతుంటే డాక్టరుకు ఫోన్ చేయండి. మోతాదో, వేసుకునే వేళో మారుస్తారు. మీ అంతట మీరు ఆపవద్దు. ‘నార్మల్ వచ్చింది, ఇక మాత్ర ఎందుకు’ అని ఆపేసి, ఆర్నెల్లకు నోరు వంకరపోయి వచ్చినవాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. నార్మల్ వచ్చింది మాత్ర వల్లనే.

మెదడు టానిక్కులు, సిటికోలిన్, పిరాసెటమ్ లాంటివి కుంచించుకుపోయిన మెదడును తిరిగి పెంచుతాయనడానికి గట్టి రుజువు లేదు. ఆ డబ్బుతో మంచి బీపీ యంత్రం కొనండి. తెల్ల మచ్చలు కనిపించాయని మాత్రమే సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దు. పక్షవాతం గానీ గుండెపోటు గానీ రానివారికి దానివల్ల మేలు కంటే రక్తస్రావం భయమే ఎక్కువ. కొలెస్ట్రాల్ మాత్ర రాసి ఉంటే మాత్రం మానవద్దు.

బీపీ కొలిచే పద్ధతి తప్పితే అంకెలన్నీ తప్పే. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ చొక్కా చేతి మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్రకు ముందు, మళ్లీ రాత్రి. వారం రోజులు కాగితం మీద రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే అది ఎక్కువ కిందే లెక్క.

ఈ వారం రోజుల లెక్క నాన్నగారితో పాటు మీరూ తీయండి. 41 ఏళ్లకు 146/94 అంటే ‘కాస్త టెన్షన్’ అని వదిలేసే అంకె కాదు. బ్రిటన్ అధ్యయనం మాట్లాడింది సరిగ్గా మీ వయసు గురించే. మీకు నొప్పి లేదు, తలనొప్పి లేదు, అందుకే వాయిదా వేస్తున్నారు. మన దగ్గర ఇది ఎంత మామూలు అయిపోయిందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్లు దాటిన మహిళల్లో సుమారు నాలుగో వంతు, పురుషుల్లో దాదాపు 30 శాతం మంది బీపీ ఎక్కువ ఉన్నవారో, దానికి మాత్రలు వాడుతున్నవారో. బ్రిటన్‌లో 34 వేల మందికి పైగా జనం మెదడు స్కాన్లను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో గుండె, రక్తనాళాల ముప్పు ఉన్న మగవారి మెదడు మీద ఆ ప్రభావం 55 ఏళ్ల నుంచే కనిపించింది, ఆడవారిలో 65 నుంచి. మగవారికి పదేళ్లు ముందే గడువు ముంచుకొస్తోంది.

ఉప్పు దగ్గర మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు అయిదు గ్రాముల లోపు, అంటే ఒక్క టీ చెంచా, కూరలోదీ చారులోదీ పెరుగన్నంలోదీ అంతా కలిపి. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే పూట కంచంలో ఉంటే ఆ లెక్క ఎక్కడ ఆగుతుంది? ఏదో ఒకటి ఉంచుకుని మిగతావి తీసేయండి. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మంచిదే గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇవన్నీ చేసినా సగటు దిగిరాకపోతే మాత్ర మొదలుపెట్టండి. ‘ఒకసారి మొదలెడితే జీవితాంతం వాడాలి’ అని భయపడేవాళ్లకు నేను అడిగేది ఒకటే. 25 ఏళ్లు మాత్ర వేసుకోవడం కష్టమా, 25 ఏళ్లు పై అంకె 150తో మెదడును నడపడం కష్టమా?

దీనికి పెద్దాసుపత్రే అక్కరలేదు. చైనాలో 326 గ్రామాల్లో దాదాపు 34 వేల మందికి గ్రామ వైద్య కార్యకర్తల చేతే బీపీ మందులు సర్దించారు. నాలుగేళ్లలో డిమెన్షియా 15 శాతం తగ్గిందని 2025లో ప్రచురించారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ చూసి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ ఉచితంగా ఇస్తారు. మీ ఊళ్లో ఎవరికైనా బీపీ ఉందని తెలిస్తే ఆశా కార్యకర్తకు పేరు చెప్పండి.

చివరగా, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాల్సింది. నాన్నగారికి ఎప్పుడైనా ఉన్నట్టుండి ముఖం ఒక పక్కకు జారినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆయన చివరిసారి మామూలుగా ఉన్న సమయం రాసిపెట్టుకోండి, అక్కడ మొదట అడిగేది అదే. దారిలో నాలుక కింద బీపీ మాత్ర పెట్టవద్దు, ఆస్పిరిన్ ఇవ్వవద్దు, నీళ్లు కూడా తాగించవద్దు.